ఏం మానేశావు?

ముమ్మిడివరం,
ఆగస్టు మూడో వారం.

అత్తయ్య గారికి షారోన్ వందనాలు.

ఫోన్ చేస్తే మీకు వినబడదు. గట్టిగా అరిస్తే నా సంగతులన్నీ కింద వాటాలో వాళ్లకి తెలిసిపోతాయి. వాట్సాప్‌లో రాస్తే కళ్లజోడు కనబడలేదంటారు. అందుకని మీరన్నట్టే ఉత్తరం. పోస్టాఫీసులో కవరు అడిగితే అక్కడాయన నన్నూ, కవర్నీ మార్చి మార్చి చూసి, “ఏదైనా కోర్టు గొడవా అండి?” అన్నారు. మా మేనత్త గారికి ఉత్తరమండి అంటే “ఆయ్” అన్నారు గానీ, నమ్మినట్టు లేదు. నేను మీ అడ్రసు రాసేదాకా అక్కడే నిలబడి చూశారు.

ఇది నా మూడో ఉద్యోగమని నాన్న మీకు చెప్పే ఉంటారు. రాజమండ్రిలో స్కూలు మానేసినందుకూ, వైజాగ్‌లో ఆ కాల్‌సెంటరు మానేసినందుకూ నేనేం బాధపడటం లేదు. ఈ ఊళ్లో గది బాగుంది. నాతో ఉండే అనితది మీ రాజోలే, బ్యాంకులో చేస్తుంది. శనివారం వచ్చిందంటే బస్సెక్కి ఇంటికి పోతుంది. ఆదివారాలు నేనూ, ఫ్యానూ.

పని చెబుతాను. కొందరు డాక్టర్లు పిల్లల ఒంట్లో బాధని కొలవడానికి ఒక చిన్న ప్రశ్నపత్రం తెలుగులో తయారు చేశారు. ఎనిమిదే ప్రశ్నలు. కడుపునొప్పి, తలనొప్పి, నడుంనొప్పి, కళ్లు తిరగడం, నీరసం, ఇలా. గత రెండు వారాల్లో ఇది నిన్ను ఎంత బాధపెట్టింది? అస్సలు లేదంటే సున్నా, కొంచెం అంటే ఒకటి, అలా పెరిగి భరించలేనంత అంటే నాలుగు. కూడితే ఎక్కువ వచ్చిన పిల్లల్ని నవంబరులో డాక్టర్లు వచ్చి పరీక్ష చేస్తారు. తక్కువ వచ్చిన వాళ్లని చెయ్యరు. పిల్లలు బోలెడుమంది, డాక్టర్లు ఇద్దరు. జల్లెడ పట్టక తప్పదు. ఆ జల్లెడని నేను. నాకిచ్చిన నియమం ఒక్కటే: పిల్ల నోటితో చెప్పిందే రాయాలి, నేను చూసింది రాయకూడదు.

ఈ వారం కాట్రేనికోన దాటి సముద్రం వైపున్న బడికి వెళ్లాను. హెడ్మాస్టరు దొరబాబు గారు మంచాయనే. ఆయన మంచితనమే నాకు కష్టం. పిల్లని అడుగుతుంటే పక్కనే కూర్చుని, “లేదని చెప్పమ్మా మేడం గారికి. మా బళ్లో ఏ రోగాలూ లేవండి. అంతా ఉప్పుగాలి, ఆరోగ్యం!” అంటారు.

అయినా కొందరు ఆగరు. వెంకటరాజని ఐదో తరగతి పిల్లాడు, కొబ్బరితోటల వాళ్లబ్బాయి. నేను అడగడం ఆలస్యం, “గ్యాసు పైకి ఎగదన్నుద్దండి. ఎడం జబ్బ లాగుద్దండి. మెట్లెక్కితే ఆయాసమండి. అంతా వాయువండి” అన్నాడు. ఇంట్లో ఎవరెవరుంటారని అడిగాను. “మా నాయనమ్మ అచ్చాయమ్మ గారండి. ఇద్దరిదీ ఒకటే మంచం” అన్నాడు. వాయువు ఎవరిదో తేల్చుకోలేక, వాడు చెప్పినట్టే రాసేశాను.

తరవాత నాగవేణి వచ్చింది. ఆరో తరగతి. సంచీని పొట్టకి అదుముకుని బెంచీ అంచున కూర్చుంది. నేను ప్రశ్న పూర్తి చెయ్యకుండానే “అస్సలు లేదండి” అంది. ఎనిమిదింటికీ అదే జవాబు. మొత్తం సున్నా. ఇక వెళ్లమన్నాక, లేవడానికి రెండు చేతులతో బల్ల పట్టుకుంది. పదకొండేళ్ల పిల్ల లేవడానికి బల్ల పట్టుకోవడం నేనెక్కడా చూడలేదత్తయ్యా. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి, ఊపిరి తీసుకుని, మామూలుగా నడుచుకుంటూ వెళ్లిపోయింది.

ఆ సున్నా నా సంచీలో ఉంది. ఆ పిల్లకి డాక్టరు దగ్గరికి దారి లేదు, ఆ దారిని మూసింది నా చెయ్యే. మీరు ముప్పై ఏళ్లు బడి నడిపారు. ఏం చెయ్యమంటారు?

మీ షారోన్


రాజోలు,
ఆగస్టు ఆఖరు.

షారోన్‌కి దీవెనలు.

నీ ఉత్తరం చదివి, నవ్వి, మళ్లీ చదివి, నవ్వడం మానేశాను.

చెవులు పోయాక నాకు ఒక అలవాటైంది. మనుషులు ఏమంటున్నారో వదిలేసి మొహం చూస్తాను. మొన్న సూరిబాబు పాస్టరు గారు ఏదో చెబుతుంటే ఆయన కనుబొమల్ని బట్టి చందా సంగతని తెలుసుకుని, అడక్కముందే తల అడ్డంగా ఊపాను. నువ్వు ఆ పిల్ల చేతులు చూశావు. చూసినదాన్ని మరిచిపోకు.

కానీ కాగితం మీద సున్నాయే ఉండనీ. అది ఆ పిల్ల మాట. దాని మాట దిద్దే హక్కు నీకు లేదు. పెన్నుకి మూత పెట్టాక నువ్వు జల్లెడవి కావు, మనిషివి. అప్పుడు మాట్లాడు. దొరబాబు గారిని టీకి పంపించి మరీ మాట్లాడు. హెడ్మాస్టర్లు టీ అంటే లేస్తారు, నాకు తెలుసు.

ఇక్కడ విశేషాలేం లేవు. ట్యూషన్ పిల్లల్ని మేడ మీంచి కింద వరండాలోకి దించేశాను, పైన ఎండ ఎక్కువగా ఉంటోంది. చర్చిలో క్వయరు ఈ ఏడాది కుర్రాళ్లకి వదిలేశాను. వినబడని మనిషి పాడితే పక్కవాళ్ల శ్రుతి కూడా పోతుంది. నిర్మల టీచరు “మీరు లేకపోతే ఎలాగండీ” అంది. అంది గానీ, మొహం తేలికపడింది.

ఉద్యోగం మానేస్తే మానేద్దువు గాని, ఈ పని మధ్యలో వదిలెయ్యకు.

దీవెనలతో,
సుందరమ్మ


ముమ్మిడివరం,
సెప్టెంబరు రెండో వారం.

అత్తయ్య గారికి,

మాట్లాడాను. దొరబాబు గారిని టీకి పంపించే మాట్లాడాను. “ఒంట్లో ఎలా ఉంది వేణీ?” అన్నాను. “బానే ఉందండి. మీకు బావుందా అండి?” అంది. అంత మర్యాదగా ఎవరైనా అడిగాక ఇంకేం అడుగుతాం? నాకు బావుందని చెప్పి వచ్చేశాను.

ఇంకో వింత చూడండి. ఆ బడి కాగితాలన్నీ మంచం మీద పరిచాను. ఊరి లోపల, కొబ్బరితోటల ఇళ్లలోని పిల్లలకి అన్నీ ఉన్నాయి: తలనొప్పులు, కాళ్ల పీకులు, వెంకటరాజు గారి వాయువు. చివర పేట పిల్లలకి మాత్రం ఏమీ లేదు. వరసగా సున్నాలు. ఆ పేటలో ఆడవాళ్లందరూ రొయ్యలు ఒలిచే షెడ్డుకి వెళతారు. తెల్లారకుండా వ్యాను వచ్చి ఎక్కించుకుపోతుంది, చీకటి పడే వేళకి దింపుతుంది. పిల్లలు వాళ్లంతట వాళ్లే జడలేసుకుని, అన్నం పెట్టుకుని బడికొస్తారు. సగం మందికి మధ్య పాపిడి వంకరే. వీళ్లకి ఏ నొప్పీ లేదట, మూడు పూటలా నెయ్యి వేసుకు తినే పిల్లలకి ఉన్నాయట. అలా ఉంటుందా?

మా ప్రాజెక్టు పెద్ద డాక్టర్ సుబ్రహ్మణ్యేశ్వరరావు గారికి ఫోన్ చేశాను. ఆయన సంబరపడ్డారు. “చూసేవామ్మా! కలిగిన ఇళ్ల పిల్లలకి బడంటే బెంగ. ఆ బెంగే కడుపునొప్పిగా వస్తుంది. మంచి పాయింటు, రాసి పెట్టుకో.” నాగవేణి సంగతి చెప్పాను. కాసేపు విన్నారు, అబద్ధమెందుకు, శ్రద్ధగానే విన్నారు. తరవాత, “సున్నా అంటే సున్నాయేనమ్మా. నువ్వు చూసింది నీ జాలి. జాలిని లెక్కలో కలిపితే అది లెక్క కాదు” అన్నారు.

కోపం వచ్చింది. కోపంలో ఒక ఆలోచనా వచ్చింది. మా దగ్గర పెన్సిలుతోనే రాస్తాం. కడుపునొప్పి దగ్గర సున్నాని చెరిపి మూడు చెయ్యడం, నడుం దగ్గర ఇంకో మూడు. నవంబరులో డాక్టరు నాగవేణి పొట్ట మీద చెయ్యి వేస్తారు, అంతే. రబ్బరు చేతిలోకి తీసుకున్నాను కూడా. మీ మాట గుర్తొచ్చి పక్కన పెట్టాను, కానీ దూరంగా పెట్టలేదు. రబ్బరు ఇంకా దిండు పక్కనే ఉంది.

ఈలోగా, పొద్దుపోక మీ మీద ఒక ప్రయోగం. ఆ ఎనిమిది ప్రశ్నలూ వేరే కాగితం మీద రాసి ఇందులో పెడుతున్నాను. జవాబులు రాయండి. దొరబాబు గారు పక్కన లేరు, నిజమే చెప్పండి.

మీ షారోన్


రాజోలు,
సెప్టెంబరు ఇరవై దాటింది.

షారోన్‌కి,

ముందు పరీక్ష జవాబులు: అస్సలు లేదు. ఎనిమిదింటికీ అదే. నాకేం, గుండ్రాయిలా ఉన్నాను. మార్కులు వెయ్యి.

రబ్బరు సంగతి. నువ్వు నాకు చెప్పావంటే చెయ్యకూడదనే చెప్పావు, చెయ్యాలనుకుంటే చెప్పేదానివి కాదు. చెయ్యకు. ఇవాళ ఒక దొంగ మూడు వేస్తే, రేపు ఇంకో పిల్ల నిజంగా మూడు అన్నప్పుడు నీకే నమ్మబుద్ధి కాదు. మీ పెద్ద డాక్టరు గారు చెప్పింది తప్పు కాదు. ఆయన వినవలసింది ఇంకా ఆయన దాకా రాలేదు, అంతే.

ఆ పిల్ల పెద్దవాళ్ల ఎదురుగా కూర్చుని నిజం చెప్పదు. ఎదురుగా కూర్చోబెడితే ఎవరైనా పరీక్షే అనుకుంటారు. పరీక్షలో మంచి పిల్లలు మంచి జవాబే రాస్తారు. ఆటల పీరియడ్‌లో బయటికి వెళ్లు. అడక్కు. ఊరికే కూర్చో. పిల్లల సంగతులు నాకు తరగతిలో తెలిసినవి తక్కువ.

ఇక్కడ వానలు. బట్టలు వరండాలోనే ఆరేస్తున్నాను, మేడ మీద వేస్తే తడిసి ముద్దవుతున్నాయి. చర్చికి ఆటోలో వెళుతున్నాను, మన వీధంతా తవ్వి పోశారు. రాత్రిళ్లు అన్నం మానేసి మజ్జిగ తాగుతున్నాను, ఈ వయసుకి అదే మంచిదట. నిర్మల టీచరు పులస పులుసు పంపిస్తే, పక్కింటి వాళ్లకి ఇచ్చేశాను. పులసని ఇచ్చేశానంటే మీ నాన్న నమ్మడు, వాడికి చెప్పకు.

నాగవేణి సంగతి రాయి. ఆ పిల్ల నాకు తెలిసిన పిల్లలా అయిపోయింది.

సుందరమ్మ


ముమ్మిడివరం,
దసరా సెలవులు అయిన వారం.

అత్తయ్యా,

ఈ ఉత్తరం ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని మొదలుపెట్టాను. అక్షరాలు వంకరగా ఉంటే ఏమీ అనుకోకండి. ఎవరికీ ఏమీ కాలేదు. కాకుండా ఆగింది.

మీరు చెప్పినట్టు ఆటల పీరియడ్‌లో వెళ్లి గట్టు మీద కూర్చున్నాను. ఆడపిల్లలు తొక్కుడుబిళ్ల ఆడుతున్నారు. నాగవేణి ఆడటం లేదు, తీర్పు చెబుతోంది. “గీత తొక్కేవే! కాదనకు, నేను చూసేను” అని గదమాయిస్తోంది. మాతో “అస్సలు లేదండి” అన్న గొంతేనా ఇది అనిపించింది. మెల్లిగా వచ్చి నా పక్కన గట్టు మీద ఆనుకుంది. నేను దాని మొహం చూడలేదు, ఆటే చూస్తున్నాను.

“నువ్వు ఆడవా?” అన్నాను.

“మానేసేనండి.”

“ఎప్పుడు మానేసేవు?”

“బడి తెరిచిన కాడ్నుంచండి.”

ఎందుకని అడగలేదు. ఎందుకంటే మర్యాద మొదలవుతుందని భయం వేసింది. “ఇంకా ఏం మానేసేవు?” అన్నాను.

అంతే. ఎవరో ఎప్పుడు అడుగుతారా అని చూస్తున్నట్టు చెప్పుకుపోయింది. సైకిల్ తొక్కడం మానేసేనండి. పరిగెట్టడం మానేసేనండి. ఇటు పక్క పడుకోవడం మానేసేనండి. బళ్లో మంచినీళ్లు తాగడం మానేసేనండి, తాగితే బాత్రూంకెళ్లాలి, వెళితే మంటండి. అన్నింటినీ కబుర్లలా చెప్పింది, మొహంలో నొప్పి అన్నదే లేదు. మంచి పేరు తెచ్చుకున్న పిల్ల తన పనులు వల్లించినట్టు చెప్పింది.

“మరి నొప్పి అస్సలు లేదన్నావు కదే?”

నాకు చదువెవరు చెప్పేరా అన్నట్టు చూసింది. “నా కోసం ఎవరూ రాలేదు కదండీ.”

అప్పుడు అర్థమైంది. ఆ బళ్లో పిల్లకి ఒంట్లో బాగోకపోతే మాస్టారు షెడ్డుకి ఫోన్ చేస్తారు. తల్లి పని మధ్యలో లేచి, దొరికిన బండి పట్టుకుని వస్తుంది. మర్నాడు వ్యానులో ఆమె చోట్లో ఇంకొకరు కూర్చుంటారు. మళ్లీ చోటు దొరికేదాకా ఇంట్లోనే. పేట పిల్లలందరికీ ఈ సంగతి తెలుసు. వాళ్ల లెక్కలో జబ్బంటే నొప్పి కాదు, అమ్మ రావడం. “కుమారికి జొరమండి, వాళ్లమ్మొచ్చి తీసుకెళ్లింది. నాకెవరూ రాలేదండి. నాకేం లేదు” అంది నాగవేణి. అబద్ధం కాదు, వాళ్ల కొలత అది. ఎవరూ రాకుండా గడిపేసిన నొప్పి నొప్పి కిందకి రాదు. వెంకటరాజుకి పక్కలోనే వినే నాయనమ్మ ఉంది, చెప్పడం కూడా ఆవిడ దగ్గరే నేర్చుకున్నాడు. వీళ్లెవరికి చెబుతారు, వ్యానుకా?

దొరబాబు గారికి చెబితే ఆయన ఫోన్ తీశారు. వద్దండి, సాయంత్రం నేనే వెళతానన్నాను. వ్యాను వచ్చే వేళకి నాగవేణితో కలిసి పేట మొదట్లో నిలబడ్డాను. వాళ్లమ్మ పైడమ్మ దిగింది. నన్ను చూసి మొహం పాలిపోయింది. “మాస్టారు పంపించేరా అండీ? ఏం చేసింది?”

“ఏం చెయ్యలేదండి” అని, పిల్ల చెప్పిందంతా చెప్పాను. ఆవిడ నా మాట పూర్తి కాకుండానే నాగవేణి మీదికి తిరిగింది.

“నోరు పడిపోయిందా ఏంటే నీకు? నాకు చెప్పొద్దా?”

“చెబితే నీ చోటు పోద్ది కదే అమ్మా.”

పైడమ్మ చేతులు ఐసు నీళ్లలో నాని తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. ఆ చేతుల్ని చీరకి తుడుచుకుని, పిల్ల నడుం మీద పెట్టింది. నాగవేణి ఉలిక్కిపడి పక్కకి జరిగింది. చేతులు చల్లగా ఉన్నందుకు కాదని తల్లికి తెలిసిపోయింది. “పోతే పోద్దే చోటు. నువ్వు పోతే ఎక్కడ తేను?” అంది. అరిచినట్టే అంది. వ్యానులోంచి దిగినవాళ్లందరూ ఆగిపోయారు.

ఇవాళ పొద్దున్నే ఇక్కడి ఆసుపత్రికి తీసుకొచ్చాం. మూత్రంలో ఇన్ఫెక్షన్, కిడ్నీ దాకా ఎక్కిందట. వారం రోజులు ఇంజెక్షన్లు. తగ్గిపోతుందన్నారు. “ఇంకొన్నాళ్లు ఇలాగే వదిలేసుంటే...” అని డాక్టరమ్మ గారు ఆ వాక్యం పూర్తి చెయ్యలేదు.

నాగవేణి కాగితం మీద సున్నా అలాగే ఉంది. రబ్బరు అనితకి ఇచ్చేశాను. పెద్ద డాక్టరు గారికి ఫోన్ చేసి చెబితే చివరిదాకా విన్నారు. తరవాత, “ఆ పిల్లని ఏమని అడిగేవు? సరిగ్గా ఆ మాటే చెప్పు” అన్నారు. ఏం మానేసేవు అని అడిగేనండి అన్నాను. ప్రశ్నపత్రాలు అచ్చయిపోయాయి కాబట్టి ఇప్పుడు మార్చలేరట. సున్నాలొచ్చిన పిల్లల్ని మాత్రం ఆ మాట విడిగా అడగమన్నారు. మళ్లీ పేటకి వెళుతున్నాను.

ఈ ఆదివారం రాజోలు రమ్మంటారా? చాలా రోజులైంది.

మీ షారోన్


రాజోలు,
అక్టోబరు ఆఖరు.

షారోన్‌కి,

ఉత్తరం చదివి కుర్చీలో అలాగే కూర్చుండిపోయాను. పైడమ్మ అన్న మాట దగ్గర కళ్లజోడు తీసేయవలసి వచ్చింది. మంచి పని చేశావు. మీ నాన్నకి నేను రాస్తాను.

ఈసారి పొడుగ్గా రాయలేను. ఎడం చెయ్యి కాగితం మీద ఆనించి ఉంచుకోలేకపోతున్నాను, ఈ బల్ల ఎత్తు కుదరలేదు. ట్యూషన్ కూడా కొన్నాళ్లు ఆపాను. పిల్లలకి పరీక్షలైపోయాయిగా, ఆడుకోనీ.

ఆదివారం నువ్వేం రానక్కర్లేదు. అమలాపురంలో బస్సు మారి, వైనతేయ నది దాటి, అంత ప్రయాణం ఎందుకు? నాకేం లేదు. నీ పని చూసుకో.

సుందరమ్మ


ముమ్మిడివరం,
నవంబరు, శుక్రవారం.

అత్తయ్య గారికి,

ఈ ఉత్తరం పోస్టులో వెయ్యడం లేదు. రేపు బ్యాంకు సెలవు, ఉదయమే అనిత తెచ్చిస్తుంది. మీరు జవాబు రాసిచ్చేదాకా మీ వరండాలో కూర్చోమన్నాను. కూర్చుంటుంది, అది మొండి ఘటం.

పేటలో సున్నాల పిల్లల్ని అడగడం అయిపోయింది. ఇద్దరు రాత్రిపూట పుస్తకం మానేశారు, కళ్లు కనబడక. ఒకడు చెప్పులు మానేశాడు, పాదంలో ఏదో గుచ్చుకుని లోపలే ఉండిపోయి. ఎవరికీ నొప్పి లేదు. అందరూ ఏదో ఒకటి మానేశారు.

ఇలా వినీ వినీ చెవి అలవాటైపోయింది. నిన్న మీ ఉత్తరాలు తీసి మంచం మీద పరిచాను, మొదటి దాని నుంచీ.

ఆగస్టులో ట్యూషన్ మేడ మీంచి కిందకి దిగింది. ఎండ అన్నారు. ఆగస్టంతా వానే అత్తయ్యా, నేనూ కోనసీమలోనే ఉన్నాను. క్వయరు వదిలేశారు. చెవులు పోయి నాలుగేళ్లయింది, క్వయరు ఈ ఏడాదే ఎందుకు వదిలారు? సెప్టెంబరులో బట్టలు మేడ దిగాయి. చర్చికి ఆటో. రాత్రి అన్నం పోయింది. పులస పక్కింటికి వెళ్లింది. నాన్నకి చెప్పలేదు, కానీ అన్నిటికంటే నాకు భయం వేసింది ఆ పులస దగ్గరే. అక్టోబరులో ఎడం చెయ్యి. బల్ల ఎత్తుదట తప్పు. ముప్పై ఏళ్లు ఆ బల్ల మీదే పేపర్లు దిద్దారు.

ఒక్కోదానికీ మీరొక కారణం రాశారు. కారణాలన్నీ బాగున్నాయి. నాగవేణివీ బాగున్నాయి. వెంకటరాజు వాళ్ల నాయనమ్మ వాయువుని నేను నవ్వులాటకి మీకు రాశాను: ఎడం జబ్బ, మెట్లు, ఆయాసం. మీరు చదివి నవ్వానని రాశారు, నవ్వడం మానేశానని కూడా రాశారు. అది నాగవేణి కోసమే అనుకున్నాను.

నేనే వచ్చేద్దును. కానీ నేనొస్తే మీరు ఇస్త్రీ చీర కట్టుకుని గుమ్మంలో నిలబడి, ఎనిమిదింటికీ “అస్సలు లేదు” అంటారు. మీరే రాశారు కదా, ఎదురుగా కూర్చోబెడితే మంచి పిల్లలు మంచి జవాబే రాస్తారని. అందుకే ముందు కాగితం. మీరు రాస్తుంటే చూసేవాళ్లెవరూ లేరు. అనితని అటు తిరిగి కూర్చోమన్నాను.

ఎంత బాధ అని అడగను. అంకె వద్దు. ఒక్కటే చెప్పండి.

ఏం మానేశారు?

షారోన్


రాజోలు,
శనివారం, పదిన్నర.

షారోనూ,

అనిత అటు తిరిగే కూర్చుంది. కాఫీ ఇస్తానంటే వద్దంది. “ముందు రాయండి అత్తయ్య గారూ” అని వీధంతా వినబడేలా అరుస్తోంది. నాకూ వినబడింది.

రాస్తున్నాను.

మేడ మెట్లు మానేశాను. ఐదో మెట్టు దగ్గర గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుంటుంది. పాట మానేశాను, ఒక చరణానికి ఊపిరి చాలదు. చర్చి దాకా నడక మానేశాను, వీధి ఎవరూ తవ్వలేదు. రాత్రి కడుపు నిండా తింటే పడుకోలేను, అందుకని అన్నం మానేశాను. ఎడం పక్కకి తిరిగి పడుకోవడం మానేశాను. నాగవేణి ఇటు పక్క పడుకోవడం మానేశానందని నువ్వు రాసినప్పుడు, ఈ పిల్లకెలా తెలుసు అనుకున్నాను. నిన్నటి నుంచి స్నానానికి నీళ్లు తోడుకోవడం కూడా మానేశాను.

ఎందుకు చెప్పలేదంటావేమో. ఏ పిల్లయినా కడుపునొప్పి అంటే, వాళ్లింట్లో ఎవరున్నారో కనుక్కుని, కబురు పెట్టి, అప్పగించి పంపించడమే ముప్పై ఏళ్లు నేను చేసిన పని. నా దగ్గరికి వచ్చేసరికి, నన్ను ఎవరికి అప్పగించాలో తోచలేదు. అందుకని బాగానే ఉన్నాననుకున్నాను.

అనిత ఇటు తిరిగింది. నా మొహం చూసి, చదవకుండానే లేచి ఆటో పిలుస్తోంది. అమలాపురం ఆసుపత్రికట. ఈ కాగితం ఫోటో తీసి నీ ఫోన్‌కి పంపుతానంటోంది. పంపనీ. చీర మార్చుకోవడం లేదు.

నాగవేణి కొలతతోనే చెబుతున్నాను, అదే నిజమైన కొలతలా ఉంది. నా కోసం ఎవరైనా రావాలి. ఆసుపత్రి దగ్గరికి నువ్వు రా.

మీ అత్తయ్య